చిట్టా లేని ఆవర్జా

సాహిత్య విమర్శ రాయడానికి నీకేమి అర్హత ఉందని ఎవరైనా అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. ముప్ఫయ్యేళ్లుగా ఇతరుల లెక్కలు చూస్తున్నాను. అప్పు కోసం వచ్చిన వర్తకుడు ఆస్తి అప్పుల పట్టీని ఎంత అందంగా టైపు చేయించి తెచ్చినా, మేము ముందుగా అడిగేది చిట్టా. ఏ రోజు ఏం వచ్చింది, ఏం పోయింది అని ఆ రోజే రాసుకున్న పుస్తకం అది. చిట్టాలోంచి పద్దులు ఆవర్జాకు ఎక్కుతాయి. ఆవర్జాలోంచి పట్టీ తయారవుతుంది. చిట్టా చూపించలేనివాడి పట్టీని ఏ బ్యాంకూ నమ్మదు.

ఈ మధ్య సెలవు పెట్టి బళ్లారిలో మా ఇంటి అటక శుభ్రం చేస్తుంటే, ఏళ్ల తరబడి దాచిన మన రాష్ట్రేతర తెలుగువారి పత్రికల కట్టలు దొరికాయి. బెంగుళూరు, మద్రాసు, బరంపురం, బొంబాయి, ఇంకా చాలా ఊళ్ల సంచికలు. వారం రోజులు కూర్చుని వరుసగా చదివాను. ఉగాది కవితలు, కవిసమ్మేళనాల వార్తలు, సన్మానాలు, అష్టావధానాలు, పూర్వవైభవం మీద వ్యాసాలు. మా బళ్లారి గురించే తీసుకుంటే, రాఘవ నటన గురించీ, ధర్మవరం కృష్ణమాచార్యుల సరసవినోదిని సభ గురించీ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ గురించీ చాలాసార్లు చదివాను. అవన్నీ అవసరమే, వద్దనే సాహసం నాకు లేదు. కానీ ఆ కట్టలన్నీ చదివాక కూడా, ఆ ఊళ్లలో మనవాళ్లు ఏ కూలి మీద బతుకుతున్నారో, పిల్లల్ని ఏ బడికి పంపుతున్నారో, ఏ కుళాయి దగ్గర నిలబడుతున్నారో నాకు తెలియలేదు. ఆవర్జా ఉంది, చిట్టా లేదు. మన సాహిత్యంలో కవి ఉన్నాడు, విలేఖరి లేడు. నా ఫిర్యాదు ఇదే.

ఈ ఫిర్యాదు చేయడానికి నాకు చిన్న హక్కు ఒకటుంది. 1989లో, బి.కాం. రెండో ఏడాదిలో ఉండగా, మా ఊళ్లో ఒక చిన్న తెలుగు వారపత్రికలో పనికి కుదిరాను. కుదిరానంటే జీతానికి కాదు. నాలుగు పేజీల పత్రిక. ఒక ట్రెడిల్ మిషను, ఒక కంపోజిటరు. సంపాదకుడే యజమాని. ప్రూఫులు దిద్దేదీ ఆయనే, చందాలు వసూలు చేసేదీ ఆయనే. శుక్రవారం పత్రిక పోస్టులో పడాలి గనుక గురువారం రాత్రి అందరం కూర్చుని చిరునామా చీటీలు అంటించేవాళ్లం. కంపోజిటరు ఇంట్లో కన్నడం మాట్లాడేవాడు. సీసపు అక్షరాలను తలకిందులుగా చదవడం నాకు నేర్పింది ఆయనే.

నాకు అప్పజెప్పిన మొదటి వార్త, కౌల్ బజారులో ఒక వీధికి కుళాయి నీళ్లు రావడం లేదన్నది. నేను ఒకసారి ఆ వీధి చివరిదాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, తిరిగి వచ్చి, భగీరథుడితో మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. సంపాదకుడు చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమప్పా, కుళాయికి నీళ్లు రాలేదని చెప్పనీకి గంగమ్మను ఆకాశం నుంచి దింపినావు. ఆమె దిగొచ్చింటే వాళ్లకి ఈ కష్టమే లేకపోవు గదా! అది పక్కన పెట్టు. ఎన్ని ఇండ్లు? ఎన్ని దినాలాయె? బిందె ఎంతకు కొంటాండారు? మున్సిపాలిటీలో ఎవర్ని అడిగినావు, ఆయన ఏమన్నె?"

నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి సైకిలు దిగాను. ఇంటింటికీ తిరిగాను. ఒక ముసలమ్మ ఖాళీ బిందె మీద చెయ్యి పెట్టుకుని, "నీళ్లొచ్చిన దినం మాకు పండగ నాయనా, రాని దినం దినమే" అన్నది. ఆ మాటే వార్తకు శీర్షిక అయింది. తెలుగు వచనం గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. నేను ఇంట్లో కూర్చుని కట్టగలిగిన ఏ ఉపమానమూ ఆ మాట దరిదాపులకు రాదు. ఆ మాట దొరకాలంటే సైకిలు దిగాలి.

రెండో పాఠం అంత తీయగా లేదు. 1990లో పత్తి రోజుల్లో ఒక మండీలో తూకం తక్కువ వేస్తున్నారని ముగ్గురు రైతులు చీటీలు తెచ్చి చూపించారు. బయట తూచిన లెక్కా, మండీలో తూచిన లెక్కా పక్కపక్కన పెట్టి వార్త రాశాను. కంపోజ్ అయింది, ప్రూఫు దిద్దాం. గురువారం రాత్రి ఫారం బిగించే ముందు సంపాదకుడు ఆ అక్షరాలన్నీ తీయించి, ఆ జాగాలో ఒక శుభాకాంక్షల ప్రకటన పెట్టించాడు. ఎందుకని అడిగాను. "ఆ మండీ ఆయన ఏటా ప్రత్యేక సంచికకు రెండు పేజీలు ఇస్తాడు. కాగితం కొట్టుకు నేను మూడు నెలలు బాకీ. నీ వార్త నిజమే. నా బాకీ గూడా నిజమే గదా" అన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

రెండు వారాలు ఆ గుమ్మం తొక్కలేదు. తర్వాత మళ్లీ వెళ్లాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే లెక్క సరిపోదు. ఆ పత్రికలో వార్తకు డబ్బు లేదు. ప్రకటన తెస్తే నూటికి పదిహేను. రెండేళ్లలో వార్తల పద్దు కింద నాకు ముట్టింది సున్న. ప్రకటనల పద్దు కింద ముట్టిన దానితో, అద్దె సైకిలు మానేసి సొంత సైకిలు కొనుక్కున్నాను. ఆ కమీషన్లలో ఆ మండీ ప్రకటన తాలూకుది కూడా ఉంది. కనుక ఆ సంపాదకుణ్ణి తిట్టే హక్కు నాకు లేదు. బ్యాంకు పరీక్ష పాసై నేను ఊరు విడిచాక కొన్నాళ్లకు ఆ పత్రిక ఆగిపోయింది.

ఈ అనుభవం తర్వాత పత్రికల మీద వచ్చిన పుస్తకం ఏది దొరికినా నేను ఒకే ప్రశ్నతో చదువుతాను: రాసేవాడి కూలి ఎవరిచ్చారు? సాహిత్య విమర్శకులకు ఈ ప్రశ్న మోటుగా కనిపించవచ్చు. కాని దీన్ని దాచకుండా నవలలో పెట్టిన రచయిత మన పక్కనే మైసూరులో ఉండేవాడు. ఆర్.కె. నారాయణ్ 1949లో ప్రచురించిన 'మిస్టర్ సంపత్' ఒక స్థానిక వారపత్రిక కథ. శ్రీనివాస్ అనే మనిషి మాల్గుడిలో 'బ్యానర్' అనే వారపత్రిక పెడతాడు. మనిషి లోపలికీ బయటికీ నడుమ జరిగే యుద్ధం గురించి రాయాలని అతని తపన. డబ్బు, కాగితం, అచ్చు వ్యవహారమంతా సంపత్ అనే ముద్రాపకుడి చేతిలో ఉంటుంది. అచ్చుయంత్రం ఆగిన రోజున పత్రికా ఆగుతుంది. సంపత్ సినిమాలోకి దూకుతాడు, వెనకాలే సంపాదకుడూ కథ రాయడానికి వెళతాడు. యుద్ధం ఎక్కడ జరిగిందో నారాయణ్ ఉపన్యాసం చెప్పడు. జమాఖర్చు చూపించి ఊరుకుంటాడు.

ఆ నవల చదివిన ఇన్నేళ్ల తర్వాత నాకు జ్ఞాపకం ఉన్నది శ్రీనివాస్ సంపాదకీయాలు కావు. అతను అద్దెకున్న ఆండర్సన్ లేన్ ఇంట్లో అందరికీ ఉన్న ఒకే ఒక్క కుళాయి. అన్ని కాపురాల పోటీ దాని దగ్గరే. నారాయణ్‌కు ఆ కుళాయి ఎలా దొరికింది? 'మై డేస్' అనే తన జ్ఞాపకాల్లో (1974) ఆయనే చెప్పాడు. 1930ల్లో, నవలలు ఇంకా అన్నం పెట్టని రోజుల్లో, మద్రాసు నుంచి వచ్చే 'జస్టిస్' పత్రికకు మైసూరు విలేఖరిగా పనిచేశాడు. కోర్టులు, బజార్లు, సభలు తిరిగి వార్తలు పంపితే, అచ్చయిన కాలమ్ కొలతను బట్టి డబ్బులు. మాల్గుడిని చాలామంది ఊహాలోకం అంటారు. నాకైతే అది అంగుళాల లెక్కన కూలి తీసుకున్న ఒక విలేఖరి చిట్టాలోంచి లేచిన ఆవర్జా. 1941లో ఆయన సొంతంగా 'ఇండియన్ థాట్' అనే పత్రిక పెట్టి, ఎంతో కాలం నడపలేక ఆపేశాడు కూడా. అనుభవించినవాడు గనుకనే ఆ నవలలో ఎవరినీ దుర్మార్గుణ్ణి చేయలేదు. మా సంపాదకుడి మీద నా కోపం చల్లారింది ఆ నవల చదివాకనే.

తెలుగులో ఈ చరిత్ర మరీ గొప్పది, కాని మనం దాన్ని సగమే చెప్పుకుంటాం. ఆంధ్రపత్రిక పుట్టింది తెలుగు గడ్డ మీద కాదు. 1908లో బొంబాయిలో, వారపత్రికగా. 1914లో మద్రాసుకు వెళ్లి దినపత్రిక అయింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి దేశభక్తి గురించి మనం వందసార్లు రాశాం. 1893 నుంచి ఆయన అమ్ముతున్న అమృతాంజనం సీసా గురించి ఒక వాక్యం రాసి వదిలేస్తాం. కాని లెక్క తెలిసినవాడికి ముందు కనపడేది ఆ సీసాయే. తలనొప్పి మందు లాభం పత్రిక నష్టాన్ని మోసింది. ఏ మండీ యజమాని ముఖమూ చూడనవసరం లేని సంపాదకుడికే విలేఖరి నిజం చెప్పగలడు. ఆ సీసాను తక్కువ చేయడం కోసం ఈ మాట అనడం లేదు. తెలుగు వచన చరిత్రలో దానికి రావలసిన చోటు ఇవ్వమంటున్నాను.

మచిలీపట్నంలో 1902లో పుట్టిన కృష్ణాపత్రికను తీసుకోండి. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా ముట్నూరి కృష్ణారావు గారు దాన్ని నడిపారు. ఆయన సంపాదకీయాల గంభీరత గురించీ, ఆ కార్యాలయంలో సాయంకాలాలు సాగిన 'దర్బారు' గురించీ ఎంత చదివినా తనివి తీరదు. కాని ఆ పత్రికకు పల్లెల నుంచి ఉత్తరాలు రాసిన మనుషులెవరు? ఆ రోజుల పత్రికల్లో 'మా విలేఖరి', 'ఒక చందాదారుడు' అన్న సంతకాల కింద ఎంత తెలుగు వచనం పడి ఉందో ఏ విమర్శకుడైనా తూచాడా? మన విమర్శ సంపాదకుడి దగ్గర ఆగిపోతుంది. పేరు లేనివాడి వాక్యాన్ని ముట్టుకోదు.

గోలకొండ పత్రిక ఈ విషయంలో నాకు మార్గదర్శి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు హైదరాబాదులో దాన్ని వారానికి రెండుసార్లు వచ్చే పత్రికగా మొదలుపెట్టారు. రాజభాష ఉర్దూ. తెలుగు మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉన్నా, కచేరీలో ఆ భాషకు చోటు లేదు. ఈ స్థితి మనకు కొత్త కాదు. నైజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమన్న మాటకు జవాబుగా 1934లో ఆయన 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారని అందరం చెప్పుకుంటాం. నేను ఆ అంకె వైపు ఇంకోలా చూస్తాను. 1926కీ 1934కీ నడుమ ఎనిమిదేళ్లున్నాయి. అన్నేళ్లు వారానికి రెండుసార్లు ఊళ్లలోకి వెళ్లి అక్కడి మంచిచెడ్డలు అచ్చువేసిన పత్రిక కాబట్టే, అది పిలిస్తే అంతమంది పలికారు. ముందు చిట్టా, తర్వాత ఆవర్జా. మనం ఈ వరుసను తిరగేశాం. ఊరి సంగతి ఒక్కటీ రాయకుండా కవుల ప్రత్యేక సంచికలు వేస్తున్నాం.

మరొకాయన మన రాష్ట్రేతరులకు మరీ దగ్గరివాడు. తాపీ ధర్మారావు గారు 1887లో బరంపురంలో పుట్టారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారి దగ్గర చదువుకున్నారు. ఆ రెండు ఊళ్లూ 1936 నుంచి ఒడిశాలో ఉన్నాయి. వాడుకభాష కోసం గురువు గారు చేసిన వాదాన్ని శిష్యుడు మద్రాసులో 'జనవాణి' పత్రికలో ఆచరణలో పెట్టారు. వార్తను జనం మాట్లాడే తెలుగులో రాయవచ్చని చూపించారు. అంటే ఈనాడు తెలుగునాట పత్రికలన్నీ రాసే భాషకు, సరిహద్దు అవతల మిగిలిపోయిన మన ఊళ్లు కొంత పెట్టుబడి పెట్టాయన్నమాట. అలాంటి ఊళ్ల వాళ్లం ఇవాళ వార్త రాయడం మరచి, గ్రాంథికపు వాసన వేసే సన్మానపత్రాలు రాస్తున్నాం.

దీనికి నా మిత్రులు మూడు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది, వార్త రేపటికి చెత్తకాగితం, పద్యం నిలుస్తుంది అని. నిలిచే పద్యం ఎప్పుడూ నిలుస్తుంది, ఎవరూ కాదనరు. కాని మనం అచ్చువేసే వాటిలో ఎన్ని నిలుస్తాయి? నీళ్లు రాని వీధి గురించి 1989లో ఒక ముసలమ్మ అన్న మాట నాకు ఇవాళ్టికీ నోటికి వస్తుంది. ఆ సంవత్సరం ఉగాది కవితల్లో ఒక్క పాదం గుర్తులేదు. అందులో నాదీ ఒకటుంది.

రెండోది, చిన్న వారపత్రికలు బెదిరించి బతుకుతాయని. ఇది నిజం. వార్త వేస్తామని బెదిరించి ఒకచోట, వేయకుండా ఉండి ఇంకొకచోట డబ్బు తీసుకునే పత్రికలను బ్యాంకువాళ్లం బాగానే ఎరుగుదుం. పెద్ద పత్రికల కథ కూడా అంత శుభ్రం కాదు. మండల విలేఖరికి అచ్చయిన కొలతను బట్టి నాలుగు డబ్బులిచ్చి, ప్రకటనలు తెచ్చే బరువు కూడా అతని నెత్తినే పెట్టే పద్ధతి తెలుగునాట ఎన్నాళ్లుగానో ఉన్నదే. పొద్దున ఎవరిని ప్రకటన అడిగాడో సాయంత్రం వాళ్ల మీదే నిజం రాయమంటే ఎలా రాస్తాడు? తప్పు మనిషిది కొంత, పద్దుది ఎక్కువ. ఆ ఊబిలో దిగవలసిన అవసరం మన నెలపత్రికలకు లేదు. ఇవి చందాల మీద, పదిమంది చేతి చలవ మీద నడిచేవి. ఇక్కడ మండీ యజమాని లేడు. అయినా మనం రాయడం లేదంటే అది మన అలవాటు లోపం.

మూడోది అసలైన అభ్యంతరం: రాసేవాళ్లేరీ? మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుతున్నారు. తమిళనాడులో 2006లో తమిళాన్ని తప్పనిసరి చేసే చట్టం వచ్చాక హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లల మీద ఎంత భారం పడిందో మన పత్రికలు బాధతో రాశాయి. నా కట్టల్లోనే దాని మీద కవితలు చాలా ఉన్నాయి, 'అమ్మ కంటతడి' ధోరణిలో. కాని ఒక్క బడికి వెళ్లి, తెలుగు అయ్యవారి పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉంది, తెలుగు పుస్తకాలు ఏ నెలలో చేరాయి, పిల్లలు ఎంతమంది, ఆ పిల్లలు ఏమంటున్నారు అని రాసినవాణ్ణి నేను వెతికిన సంచికల్లో చూడలేదు. కవిత చదివి మనం కన్నీళ్లు పెట్టుకున్నాం. అటువంటి వార్త ఒకటి ఉంటే, దాన్ని తీసుకెళ్లి అధికారి బల్ల మీద పెట్టేవాళ్లం. కన్నీళ్లకు రసీదు ఇవ్వరు.

రాసేవాళ్లు లేకపోతే తయారుచేసుకోవాలి. మా సంపాదకుడు నన్ను అలాగే తయారుచేశాడు. జీతం ఇవ్వలేదు, నాలుగు ప్రశ్నలు ఇచ్చాడు. ఇవాళ పత్రికావిద్య చదివే పిల్లలు నెలా రెండు నెలలు శిక్షణ కోసం పెద్ద పత్రికల గడపలు ఎక్కుతున్నారు. వాళ్లలో మన ఇళ్ల పిల్లలూ ఉన్నారు. తెలుగు మాట్లాడతారు, రాయడానికి జంకుతారు. అటువంటి ఒక అమ్మాయినో అబ్బాయినో వేసవిలో మన పత్రిక పిలిచి, ఊళ్లో ఒక వీధి అప్పజెప్పి, చెప్పింది చెప్పినట్టు రాసుకు రమ్మంటే, అక్షరదోషాలు దిద్దడానికి మా వయసువాళ్లం సిద్ధంగా ఉన్నాం. దోషాలుంటే ఏమవుతుంది? దోషం లేని అబద్ధం కంటే దోషాలున్న నిజం మేలు. బస్సు చార్జీ, ఒక భోజనం ఖర్చు మాత్రం పత్రికే పెట్టుకోవాలి. ఈ పద్దు తప్పించకూడదు. నాకు వార్తకు ఒక రూపాయి ముట్టి ఉంటే, ఆ ప్రకటన కమీషను చెయ్యి చాచి తీసుకునేవాణ్ణి కాదేమో. ఏమో, తీసుకునేవాణ్ణేనేమో. ఇరవయ్యేళ్ల కుర్రాడి నిజాయితీని సైకిలు ముందు నిలబెట్టి పరీక్షించకూడదని మాత్రం చెప్పగలను.

భాష బతికి ఉన్నదీ లేనిదీ కవిసమ్మేళనంలో తేలదు. నీళ్లు రాలేదని, కూలి తగ్గిందని, తూకం తప్పిందని ఆ భాషలో రాసి అచ్చువేయగలమా అన్నదే పరీక్ష. పండగనాడు మాత్రమే కట్టే పట్టుచీర ఎంత ఖరీదైనదైనా పెట్టెలో మడతల దగ్గర చిరుగుతుంది. మన తెలుగు అలా మడతల్లో చిరుగుతోందని నా భయం.

అందుకని సంపాదకులకు నా విన్నపం: నెలకు ఒక్క పేజీ విడిచిపెట్టండి. పేరు మీ ఇష్టం. మా బళ్లారిలో జీన్సు కుట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. మా వీధిలో ఆ పని చేసే తెలుగు ఆడవాళ్లను పోయిన ఆదివారం కలిశాను. ఒక పాంటుకు ఎంత కూలి, దారం ఖర్చు ఎవరిది, కరెంటు లేని రోజు లెక్క ఏమిటి అని అడిగి, వాళ్లు చెప్పిన మాటల్లోనే నూరు మాటల వార్త రాశాను. దాన్ని ఈ వ్యాసంతో జతచేసి పంపుతున్నాను. అందులో గంగమ్మా లేదు, భగీరథుడూ లేడు. స్థలం చాలకపోతే ఈ వ్యాసాన్ని ఎంతైనా కోయండి. వార్తను మాత్రం కోయకండి.